టీవీకి పంపే వీడియోలో రంగులు హద్దు దాటకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి వీడియోలు చేసేవాళ్లు, భక్తి కార్యక్రమాలు కట్టేవాళ్లు, ఛానెల్‌కి మొదటిసారి ఎపిసోడ్ ఇచ్చే కుర్రాళ్లు నన్ను ఏళ్ల తరబడి ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఫోన్లో చెప్పిందే మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. పని జరిగే వరుసలో అమర్చాను కానీ మొదటి నుంచీ చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

బ్రాడ్‌కాస్ట్ సేఫ్ అంటే 16 నుంచి 235 అనేనా?

బ్రాడ్‌కాస్ట్ సేఫ్ అంటే బొమ్మ ప్రసారానికి చెల్లే హద్దుల్లో ఉండటం. 16–235 అందులో సగమే. 8 బిట్ వీడియోలో ల్యూమా, అంటే వెలుగు, 16 దగ్గర నలుపు, 235 దగ్గర తెలుపు. రంగు భాగాలైన సీబీ, సీఆర్ 16 నుంచి 240 వరకు. 10 బిట్‌లో ఇవే 64–940, 64–960 అవుతాయి. ఈ అంకెల లోపల ఉంటే సిగ్నల్ లీగల్ అంటారు.

రెండో సగం గామట్, అంటే తెర చూపగల రంగుల పరిధి. ల్యూమా, సీబీ, సీఆర్ మూడూ విడివిడిగా హద్దులోనే ఉండచ్చు. వాటిని కలిపి ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా (ఆర్‌జీబీ) మార్చితే మాత్రం ఒకటి సున్నా కిందికో 100 శాతం పైకో పోవచ్చు. అలాంటి రంగును ఏ తెరా చూపలేదు. లెక్కకొస్తే, లీగల్ అంకెలతో కుదిరే కలయికల్లో నిజమైన ఆర్‌జీబీ రంగులయ్యేవి సుమారు నాలుగో వంతే. వెనక్కి వచ్చే ఎపిసోడ్లలో చాలావాటి గొడవ ఇక్కడే ఉంటుంది. 16–235 ఒక్కటే పట్టుకు కూర్చుంటే దీన్ని చూడరు.

ఇప్పుడంతా డిజిటలే కదా, ఈ పాత నియమాలు ఇంకా ఎందుకు?

పాత రోజుల్లో కారణం చెవికి వినపడేది. 1982లో ఏషియన్ గేమ్స్ నాటికి మన దేశానికి రంగుల టీవీ వచ్చింది. అది పాల్ పద్ధతి. వెలుగునీ రంగునీ ఒకే తీగ మీద కలిపి పంపేవారు. తెలుపు 700 మిల్లీవోల్టులు. కానీ పూర్తి సాచురేషన్ (రంగు చిక్కదనం) ఉన్న పసుపు ఆ కలిసిన సిగ్నల్‌లో 933 దాకా లేచేది. అప్పటి మన ప్రసారంలో తెలుపు పెరిగేకొద్దీ క్యారియర్, అంటే సిగ్నల్‌ని మోసే తరంగం, తగ్గేది. మరీ పెరిగితే క్యారియర్ దాదాపు ఆరిపోయి, దాన్ని ఆధారం చేసుకున్న ధ్వనిలో బర్రుమనే శబ్దం వచ్చేది. తెరమీద తెల్లటి అక్షరాలు పడగానే టీవీ గొంతు బొంగురుపోవడం ఆ తరంవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

డిజిటల్‌లో కారణాలు వేరు. స్టూడియో లోపల తిరిగే ఎస్‌డీఐ సిగ్నల్‌లో 8 బిట్ లెక్కన 0, 255 అనే అంకెలు చిత్రానివి కావు. గీత ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులకు వాటిని కేటాయించారు. 10 బిట్‌లో 0–3, 1020–1023 అలాంటివే. మీ ఫైలు ఛానెల్‌కి చేరాక లోగో వేస్తారు, స్క్రోలింగ్ వేస్తారు, సైజు మారుస్తారు, మళ్లీ కంప్రెస్ చేస్తారు. దారిలో ఎవరో ఒకరు హద్దు దాటిన భాగాన్ని కోసేస్తారు. ఎక్కడ, ఎలా కోస్తారో మీ చేతుల్లో ఉండదు. పైగా ఇంట్లో సెట్‌టాప్ బాక్సు వెనక పసుపు రంగు పిన్ను వాడే పాత టీవీలు ఇంకా ఉన్నాయి. ఆ పిన్నులోంచి వచ్చేది అదే పాత కలిసిన సిగ్నల్.

ఒకరు 0 నుంచి 100 అంటారు, ఇంకొకరు −5 నుంచి 105 అంటారు. ఏది పాటించాలి?

మీరు ఎవరికి ఇస్తున్నారో వాళ్ల డెలివరీ పత్రంలో ఏముందో అది. రెండు అంకెలూ నిజమే. యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య ఈబీయూ ఇచ్చిన ఆర్ 103 సిఫారసు ఆర్‌జీబీ భాగాలకు −5 నుంచి 105 శాతం దాకా వదులు ఇస్తుంది. 8 బిట్‌లో అది 5 నుంచి 246. దాన్ని ఆధారం చేసుకున్న డెలివరీ పత్రాల్లో ల్యూమాకి −1 నుంచి 103 అని మామూలుగా కనిపిస్తుంది. కొలిచే ముందు ఫిల్టర్ వేయాలనీ, చిత్రం వైశాల్యంలో 1 శాతం లోపు పిక్సెళ్లు దాటితే పట్టించుకోనక్కర్లేదనీ కూడా ఆ సిఫారసు ఆలోచన.

1920×1080 చిత్రంలో 1 శాతం అంటే 20,736 పిక్సెళ్లు, సుమారు 144 పిక్సెళ్ల భుజం ఉన్న చదరం. దీపం ఒత్తి, ముక్కుపుడక మెరుపు అందులో హాయిగా ఇమిడిపోతాయి. ఆ వదులు వాటికోసమే. దాన్ని చూసుకుని గ్రేడ్ (రంగు, వెలుగు దిద్దే పని) మొత్తాన్ని 105 దాకా తోయకండి. పత్రంలో ఏమీ రాయకపోతే నేను 0–100 మధ్యే పెడతాను.

యూట్యూబ్‌కే పెడతాను. నాకూ ఇది కావాలా?

వెనక్కి పంపేవాళ్లు ఉండరు. కానీ అక్కడ నడిచేది కూడా 16–235 పద్ధతి వీడియోనే. 235 పైనున్న తెలుపు వివరం చూసేవాళ్లకి తెల్ల ముద్దగానే చేరుతుంది. సర్టిఫికెట్ కోసం కాకపోయినా మీ చిత్రం కోసం చూసుకోండి. రేపు అదే పాట ఏ ఛానెలో అడిగితే మళ్లీ మొదటి నుంచి గ్రేడ్ చేసే బాధ కూడా తప్పుతుంది.

## షూటింగ్‌లో

జాగ్రత్తగానే తీశాను, అయినా వేవ్‌ఫామ్ 109 చూపిస్తోంది. కెమెరా చెడిపోయిందా?

చెడిపోలేదు. వేవ్‌ఫామ్ అంటే బొమ్మ వెలుగుని శాతాల్లో గీసి చూపే స్కోప్. చాలా కెమెరాలు 235 పైనున్న ఖాళీని కూడా వాడుకుంటాయి. 254 దాకా వెళితే సుమారు 109 శాతం. దీన్ని సూపర్‌వైట్ అంటారు. ఉదాహరణకు సోనీ కెమెరాల్లో సినీ 4 గామా (వెలుగుని అంకెలుగా మార్చే సెట్టింగు) 109 దాకా పోతుంది, సినీ 2 మాత్రం 100 దగ్గర ఆగేలా తయారుచేసింది. ఆ పై భాగంలో నిజమైన వివరం ఉంటుంది, మబ్బుల అంచులు, తెల్ల పంచె మడతలు. గ్రేడింగ్‌లో దాన్ని కిందికి దించితే అవన్నీ తిరిగి వస్తాయి. అందుకే అది నష్టం కాదు, దాచుకున్న సొమ్ము. ముందే కోసేసుకోకండి.

గ్రేడింగ్‌కి టైం ఉండదు, తీసిన రోజే ప్రసారం అంటే మాత్రం 100 దగ్గర ఆగే గామా పెట్టుకోండి.

సంగీత్ స్టేజి మీద నీలం లైట్లలో ముఖాలన్నీ నీలి ముద్దలు అయిపోయాయి. ఎడిటింగ్‌లో బాగవుతుందా?

పూర్తిగా కాదు. ఇప్పటి ఎల్‌ఈడీ పార్ లైట్లు సన్నటి నీలాన్నే వెదజల్లుతాయి. కెమెరాలో నీలం ఛానెల్ నిండిపోతుంది, ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఖాళీ. ముక్కు, బుగ్గ, గడ్డం గీతలు చూపించేది ఆ ఖాళీ ఛానెళ్లే. లేని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

ఎడిటింగ్‌లో చేయగలిగింది ఇది: నీలాన్ని మాత్రమే ఎంచుకుని సాచురేషన్ తగ్గించండి, రంగును కొద్దిగా ఆకాశ నీలం వైపు జరపండి. హద్దులోకి వస్తుంది, చూడటానికి కూడా కాస్త నయం. అసలు మందు మాత్రం స్టేజి దగ్గరే. లైటింగ్ అతన్ని పక్కకి పిలిచి, ముఖాల మీదికి ఒకటి రెండు వెచ్చని తెల్ల లైట్లు, ఎంత చిన్నవైనా సరే, వేయమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. పెళ్లికూతురు ముఖం ఇరవై ఏళ్ల తర్వాత కూడా చూసుకుంటారు కాబట్టి ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడకండి.

## టైమ్‌లైన్‌లోకి తెచ్చాక

రెండు కెమెరాల క్లిప్పులు పక్కపక్కన పెడితే ఒకటి పాలిపోయి, ఇంకోటి నలుపులు నలిగి కనిపిస్తున్నాయి. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ ఇది ఫుల్ రేంజ్, వీడియో రేంజ్ తికమక. కొన్ని కెమెరాలు, ఫోన్లు 0–255 మొత్తం వాడి రాస్తాయి, కొన్ని 16–235లో రాస్తాయి. ఫైలు లోపల ఏది వాడిందీ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేకపోయినా, సాఫ్ట్‌వేర్ తప్పుగా చదివినా బొమ్మ మారిపోతుంది.

వీడియో రేంజ్ క్లిప్‌ని ఫుల్ అనుకుంటే అప్పటికే కుదించిన దాన్ని మళ్లీ కుదిస్తుంది. 16 పోయి 30 అవుతుంది, 235 పోయి 218 అవుతుంది. వేవ్‌ఫామ్‌లో నలుపు 6 శాతం దగ్గర తేలుతుంది, తెలుపు 92 దగ్గర ఆగుతుంది. పల్చటి గంజిలా ఉంటుంది బొమ్మ. ఫుల్ రేంజ్ క్లిప్‌ని వీడియో రేంజ్ అనుకుంటే దీనికి తిరగబడుతుంది. నలుపు −7కి, తెలుపు 109కి సాగుతుంది, జుట్టులో వివరం పోతుంది.

గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో క్లిప్ యాట్రిబ్యూట్స్‌కి వెళ్లి డేటా లెవెల్స్ ఆటో, వీడియో, ఫుల్ మూడూ మార్చి స్కోప్ చూడండి. 6 శాతం దగ్గర తేలే నలుపు కనిపిస్తే లిఫ్ట్ (నలుపుల మీట) తగ్గించి సరిచేయకండి, రేంజ్ గుర్తు సరిచేయండి. లిఫ్ట్‌తో సరిచేసిన క్లిప్ ఇవాళ బాగానే ఉంటుంది, రేపు ఎవరైనా గుర్తును సరిచేస్తే మీ గ్రేడ్ మొత్తం కూలిపోతుంది.

రిజాల్వ్ స్కోప్‌లో తెలుపు 1023 దగ్గర ఉంది. 940 దాటినట్టేనా?

దాటినట్టు కాదు. మామూలు సెట్టింగులో ఆ స్కోప్ చూపేది లోపలి లెక్క. అక్కడ 0 అంటే నలుపు, 1023 అంటే 100 శాతం తెలుపు. వీడియో రేంజ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అదే 64–940గా మారుతుంది. ఈ సంగతి తెలియక చిత్రాన్నంతా 940 గీత కిందికి అణిచి, ఛానెల్ నుంచి "బొమ్మ డల్‌గా ఉంది" అని మాట పడ్డవాళ్లని చూశాను. స్కోప్ కొలమానం శాతాల్లోకి మార్చుకుంటే ఈ తికమకే ఉండదు.

ల్యాప్‌టాప్ తెర మీద అంతా బాగుంది. అది నమ్మకూడదా?

రంగు అందం విషయంలో కొంతవరకు, హద్దు విషయంలో అసలు నమ్మకూడదు. తెర తాను చూపలేని విలువని అంచు దగ్గర నిశ్శబ్దంగా కోసి చూపిస్తుంది. 100, 112 రెండూ కంటికి ఒకే తెలుపు. సున్నా, −12 రెండూ ఒకే నలుపు. స్కోప్ మాత్రమే తేడా చెబుతుంది. వీలైతే ఎస్‌డీఐ లేదా హెచ్‌డీఎంఐ బయటికిచ్చే చిన్న కార్డు కొని, హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం రెక్ 709కి, 2.4 గామాకి క్యాలిబ్రేట్ చేసిన మానిటర్ పెట్టుకోండి. కొత్త లెన్సు కంటే ముందు ఇది కొనాలని నా అభిప్రాయం.

## గ్రేడింగ్‌లో

వేవ్‌ఫామ్ ఎక్కడా 100 దాటలేదు. అయినా గామట్ ఎర్రర్ అని తిప్పి పంపారు. ఎలా?

ఎందుకంటే మీరు చూసింది ల్యూమా ఒక్కటే. నాకూ మొదట్లో ఇదే దెబ్బ తగిలింది. బతుకమ్మ పండగ మీద చేసిన అరగంట కార్యక్రమం అది. తంగేడు, బంతి, గునుగు పూలు తెర నిండా. ల్యూమా అంతా 70 లోపే ఉంది, ధైర్యంగా ఇచ్చేశాను. రెండు రోజుల్లో తిరిగొచ్చింది, పూలున్న ప్రతి షాట్‌కీ ఒక ఎర్రర్.

ఒక బంతిపువ్వు పిక్సెల్‌తో లెక్క చూడండి. ఎరుపు 90 శాతం, ఆకుపచ్చ 60, నీలం 5. రెక్ 709 లెక్కలో ల్యూమా అంటే ఎరుపులో 0.2126 వంతు, ఆకుపచ్చలో 0.7152 వంతు, నీలంలో 0.0722 వంతు కలిపితే వచ్చేది. ఈ పువ్వుకి సుమారు 62. ఇప్పుడు పూలు కళకళలాడాలని సాచురేషన్ 1.3 రెట్లు చేశారనుకోండి. ల్యూమా 62 దగ్గరే కదలకుండా ఉంటుంది. ఎరుపు 98కి చేరుతుంది, ఫరవాలేదు. నీలం మాత్రం −12కి పడిపోతుంది. వేవ్‌ఫామ్‌కి దీని సంగతే తెలియదు. మూడు రంగుల్నీ విడివిడిగా చూపే ఆర్‌జీబీ పరేడ్ స్కోప్‌లో నీలం గీత సున్నా కిందికి వేలాడుతూ కనిపిస్తుంది.

అదే పువ్వుకి 1.15 దగ్గర ఆగితే నీలం −3.6. ఈబీయూ వదులు ఉన్నచోట పాస్ అవుతుంది. సున్నా కచ్చితంగా అడిగినచోట 1.08 దగ్గరే ఆగాలి. ఎరుపు, పసుపు, నారింజ ఎక్కువగా ఉండే మన పండగల బొమ్మల్లో నీలం ఛానెల్ కింది అంచే మొదట తెగుతుంది. నేను గ్రేడ్ చేసేటప్పుడు ముందు చూసేది ఆ మూలనే.

ఇన్ని స్కోపులున్నాయి. ఏది ఎప్పుడు చూడాలి?

రెండే ఎంచుకోమంటే ఆర్‌జీబీ పరేడ్, వెక్టర్‌స్కోప్. పరేడ్ హద్దు సంగతి చెబుతుంది, వెక్టర్‌స్కోప్ రంగు ఎటు మొగ్గుతోందో, ఎంత దూరం పోయిందో చెబుతుంది. వెక్టర్‌స్కోప్‌లో 75 శాతం కలర్ బార్ల పెట్టెలు ఉంటాయి కదా, వాటి లోపల ఉంటే సేఫ్ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అందులో వెలుగు కనపడదు. ఒకే దూరంలో ఉన్న ఎరుపు ముదురుగా ఉంటే చెల్లచ్చు, లేతగా ఉంటే చెల్లకపోవచ్చు. పెద్ద స్టూడియోల్లో టెక్‌ట్రోనిక్స్ డైమండ్ డిస్‌ప్లే దొరికితే తప్పక చూడండి. రెండు వజ్రాల ఆకారాల్లోంచి చుక్క బయటికి వచ్చిందంటే గామట్ దాటినట్టే, ఆలోచించే పనే లేదు.

హద్దులోకి తెస్తే కుంకుమ, పట్టుచీర ఎరుపు చచ్చిపోతోంది. ఏం చేయాలి?

నా మనసుకి దగ్గరైన ప్రశ్న ఇదే. అమ్మవారి నుదుటి కుంకుమ ఇటుక రంగులో కనపడితే ఆ కార్యక్రమం చేసి ఏం లాభం?

ముందు ఎటువైపు దాటిందో చూడండి. ఎరుపు ఛానెల్ 100 పైకి పోయిందా, లేక ఆకుపచ్చ, నీలం సున్నా కిందికి పోయాయా? రెండింటికీ వైద్యం వేరు.

పైకి పోతే రంగు తగ్గించకండి, వెలుగు తగ్గించండి. తెర మీద పూర్తి ఎరుపుకి ల్యూమా 21 శాతమే. పూర్తి నీలానికి 7, పసుపుకి 93. అంటే చిక్కటి ఎరుపు స్వభావమే ముదురుగా ఉండటం. చీరని 45 శాతం వెలుగులో ఉంచి పూర్తి ఎరుపూ కావాలంటే కుదరదు, అలాంటి రంగు తెరలో లేదు. ఎరుపుని ఎంచుకుని లమ్ (వెలుగు) కర్వ్‌తో కొంచెం దించండి. మూడు ఛానెళ్లూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి చిక్కదనం అలాగే ఉంటుంది, చీర ఇంకా బరువుగా, ఖరీదుగా కనిపిస్తుంది.

కిందికి పోతే వెలుగు తగ్గించినా −12 కాస్తా −10 అవుతుందంతే. ఇక్కడ సాచురేషనే తగ్గాలి. మొత్తం బొమ్మకి కాదు. శాట్ వర్సెస్ శాట్ (సాచురేషన్‌ని బట్టి సాచురేషన్ మార్చే) కర్వ్‌లో కుడి చివరని మాత్రం మెల్లగా కిందికి వంచండి. అప్పటికే విపరీతంగా ఉన్న రంగులే తగ్గుతాయి, చర్మం, గోడలు, మామూలు రంగులు కదలవు. తర్వాత చుట్టూ ఉన్న రంగులు చూడండి. వెనక అరటి ఆకుల ఆకుపచ్చని ఒక పిసరు తగ్గిస్తే ముందున్న ఎరుపు తగ్గినట్టే అనిపించదు. కన్ను ఎప్పుడూ పక్కదానితో పోల్చి చూస్తుంది.

ఎండలో తెల్ల పంచె, మల్లెపూలు తెల్ల కాగితంలా అయిపోతున్నాయి.

సూపర్‌వైట్‌లో వివరం ఉందేమో ముందు చూడండి. గెయిన్ (తెలుపుల మీట) బాగా తగ్గించి చూస్తే మడతలు కనపడ్డాయా, ఉంది. అప్పుడు పై భాగాన్ని గట్టిగా కోయకుండా సాఫ్ట్ క్లిప్‌తో మెత్తగా వంచండి. రిజాల్వ్‌లో కస్టమ్ కర్వ్స్ పక్కనే హై సాఫ్ట్ ఉంటుంది. పంచెని 88–92 దగ్గర ఉంచి, జరీ అంచు మెరుపుకి 100 వదిలితే తెలుపులో కూడా తేడా తెలుస్తుంది. గెయిన్ తగ్గించినా చదునుగానే ఉంటే కెమెరాలోనే పోయింది. బూడిద రంగు కాగితం చేయకుండా తెల్లగానే వదిలేయండి.

నలుపు సున్నా కిందికి పోతే నష్టమేముంది, నలుపే కదా?

నీడలో వివరం పోతుంది, రిపోర్టులో ఎర్రర్ వస్తుంది. సున్నా మీద కూర్చోబెట్టండి, చాలు. 7.5 శాతం దగ్గర నలుపు ఉండాలన్నది అమెరికా అనలాగ్ ఎన్‌టీఎస్‌సీ నియమం. మన పాల్‌లో అది ఎప్పుడూ లేదు, డిజిటల్ ఫైల్‌లో ఎక్కడా లేదు. పాత ఇంగ్లిష్ పాఠాలు చూసి నలుపు ఎత్తిపెట్టకండి.

ఇంత శ్రమ ఎందుకు, హద్దు దాటినదాన్ని దానంతటదే కోసే లిమిటర్ ఎఫెక్ట్ వేసేస్తే అయిపోదా?

పాస్ అవుతుంది. కానీ లిమిటర్‌కి కుంకుమ తెలియదు, పెళ్లికూతురు ముఖం తెలియదు, అంకెలే తెలుసు. ఒక ఛానెల్‌ని కోస్తే మిగతా రెండూ అలాగే ఉండి రంగే మారిపోతుంది, నారింజ పువ్వు పసుపు వైపు జారుతుంది. రేకుల మధ్య తేడాలు చెరిగి పువ్వంతా ఒకే మచ్చ అవుతుంది. గ్రేడ్ చేతితో చేయండి, 99 శాతం పని అక్కడే అవ్వాలి. లిమిటర్ మిగిలిన మెరుపులు పట్టుకోవడానికి. దాన్ని ఆపి, వేసి చూడండి. కంటికి తేడా తెలిసిందంటే మీ గ్రేడ్ ఇంకా పూర్తి కాలేదని అర్థం.

## టైటిల్స్, గ్రాఫిక్స్

టైటిల్ తెలుపు 255 పెట్టాలా, 235 పెట్టాలా?

సాఫ్ట్‌వేర్‌లో రంగు ఎంచుకునే పెట్టె ఆర్‌జీబీ ఫుల్ రేంజ్‌లో ఉంటుంది. అక్కడి 255 ఎక్స్‌పోర్ట్‌లో 235 అవుతుంది, అంటే సరిగ్గా 100 శాతం. అక్కడ 235 పెడితే 92 శాతం తెలుపు వస్తుంది. తప్పేమీ కాదు, తెల్ల అక్షరాలకి నేనూ 92–95 మధ్యే వాడతాను, చీకటి గదిలో కంటికి గుచ్చుకోదు. కానీ హద్దు కోసం తప్పనిసరి అనుకుని నలుపు కూడా 16 పెడితే నల్లపట్టీ బూడిదగా తేలుతుంది. అది చేయకండి. ఇంకో సంగతి, అక్షరాలని యాడ్, స్క్రీన్ లాంటి బ్లెండ్ మోడ్‌లలో వేస్తే కింది బొమ్మతో కలిసి 100 దాటే అవకాశం ఉంది. గ్లో ఎఫెక్టూ అంతే.

ఎర్ర అక్షరాల అంచులు కారినట్టు కనిపిస్తున్నాయి. హద్దులోనే ఉన్నాయి మరి?

ప్రసార ఫైళ్లలో రంగు వివరం వెలుగు వివరం కంటే తక్కువ. 4:2:2లో అడ్డంగా సగం, ఇంటికి చేరే 4:2:0లో నిలువుగా కూడా సగం. నల్ల నేపథ్యం మీద పూర్తి ఎరుపుతో సన్నని తెలుగు అక్షరాలు రాస్తే మన గుడులు, వొత్తులు, సున్నలు కరిగిపోతాయి. పైగా ఆ అంచు దగ్గరే రంగు ఎగిరి గామట్ దాటుతుంది. అక్షరం తెలుపు చేసి పట్టీ ఎరుపు చేయండి. ఎరుపే కావాలంటే పూర్తి ఎరుపు కాకుండా 75–80 శాతానికి దించి, అక్షరం లావు పెంచండి.

## ఎక్స్‌పోర్ట్

లిమిటర్ ప్రతి క్లిప్‌కీ వేయాలా, చివర ఒక్కసారా?

చివర ఒక్కసారి, అన్నిటికంటే పైన, టైటిల్స్ కూడా దాని కిందే ఉండేలా. ప్రీమియర్‌లో అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద వీడియో లిమిటర్, ఫైనల్ కట్‌లో బ్రాడ్‌కాస్ట్ సేఫ్ ఎఫెక్ట్, అవిడ్‌లో సేఫ్ కలర్ లిమిటర్. క్లిప్ మీద వేసి దాని పైన షార్పెనింగో డిజాల్వో వేస్తే మళ్లీ దాటుతుంది.

లిమిటర్ వేశాను, టైమ్‌లైన్‌లో శుభ్రంగా ఉంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్ మళ్లీ హద్దు దాటింది!

కంప్రెషన్ చేసిన పని. ఎక్స్‌డీక్యామ్ లాంటి కోడెక్‌లు చిత్రాన్ని చిన్న బ్లాకులుగా చేసి కొంత వివరం వదిలేస్తాయి. తిరిగి విప్పినప్పుడు పదునైన అంచుల పక్కన విలువలు కాస్త ఎగిరి దిగుతాయి. సరిగ్గా 100 దగ్గర కోసిన తెల్ల అంచు 102 అవుతుంది. సైజు మార్చినా ఇంతే. లిమిటర్ పై హద్దుని 98 దగ్గర పెట్టి కొంత ఖాళీ వదలండి. చెక్ చేయాల్సింది టైమ్‌లైన్‌ని కాదు, బయటికి వచ్చిన ఫైల్‌ని మళ్లీ లోపలికి తెచ్చి.

ఉచితంగా చెక్ చేసుకునే దారి ఉందా?

ఉంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో సిగ్నల్‌స్టాట్స్ అనే ఫిల్టర్ ప్రతి ఫ్రేమ్‌లో హద్దు బయట ఉన్న పిక్సెళ్ల వాటాని బీఆర్‌ఎన్‌జీ అనే పేరుతో చెబుతుంది, కావాలంటే ఆ పిక్సెళ్లకి రంగు పూసి చూపిస్తుంది. కమాండ్లు వద్దనుకుంటే అదే పని గ్రాఫులతో చేసే క్యూసీటూల్స్ ఉంది, అదీ ఉచితమే. ఒక్క జాగ్రత్త: బీఆర్‌ఎన్‌జీ చూసేది 16–235, 16–240 హద్దులని మాత్రమే. ఆర్‌జీబీ గామట్ దాటిన బంతిపువ్వుని అది పట్టుకోదు. దానికి పరేడ్ చూడాల్సిందే.

## వెనక్కి వచ్చినప్పుడు

క్యూసీ (నాణ్యత తనిఖీ) రిపోర్టులో వందకు పైగా ఎర్రర్లు. రేపే ప్రసారం. ఎక్కడ మొదలుపెట్టాలి?

అంకె చూసి కంగారు పడకండి. యంత్రం ఒకే షాట్‌లో వచ్చి పోయే ప్రతిసారినీ విడిగా లెక్కపెడుతుంది. టైమ్‌కోడ్‌లని షాట్ల వారీగా గుంపు చేస్తే ఏడెనిమిది షాట్లు తేలతాయి. వాటిలో ఒకే లైటింగ్‌లో తీసినవి ఒక గుంపు, ఒక్క దిద్దుబాటు అన్నిటికీ సరిపోతుంది. ప్రతి సెగ్మెంట్‌లోనూ ఒకేచోట ఎర్రర్ వస్తుంటే అది లోగోనో టైటిల్ గ్రాఫికో అయ్యుంటుంది, దాన్ని మార్చితే సగం రిపోర్టు ఖాళీ. మిగిలిన చిన్నవాటికి లిమిటర్. సమయం లేనప్పుడు అది వాడటంలో తప్పు లేదు. మనుషుల ముఖాలున్న షాట్లు మాత్రం చేతితోనే చేయండి.

పాత టేపుల్లోంచి తీసిన వీడియోలో నలుపు, తెలుపు రెండూ దాటి ఉన్నాయి. అదీ సరిచేయాలా?

ప్రసారం కాపీలో సరిచేయండి, భద్రపరిచే కాపీలో ముట్టుకోకండి. అనలాగ్ టేపు డిజిటల్ చేసేటప్పుడే వీలుంటే క్యాప్చర్ పెట్టె ముందు లెవెల్ సరిచూసుకోవాలి, ఎందుకంటే అక్కడ కోసుకుపోయింది మళ్లీ రాదు. పాత స్టాండర్డ్ డెఫినిషన్ వీడియో రెక్ 601 లెక్కలో ఉంటుంది. దాన్ని హెచ్‌డీ టైమ్‌లైన్‌లో రెక్ 709గా చదివితే ఎరుపులు, ఆకుపచ్చలు కాస్త పక్కకి జరుగుతాయి. రంగు వింతగా ఉంటే గ్రేడ్ మొదలుపెట్టే ముందు ఇది చూడండి.

హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగు పరిధి ఎక్కువగా ఉండే వీడియోలో, ఈ హద్దులు ఉండవంటారు, నిజమేనా?

ఉంటాయి. 10 బిట్ ప్రసారంలో అక్కడ కూడా మామూలుగా 64–940 మధ్యే. మారేది ఆ అంకెలకి తెర ఇచ్చే వెలుగు. అక్కడ వాడే రంగుల ప్రమాణం రెక్ 2020 పెట్టె పెద్దది కాబట్టి బంతిపువ్వు, కుంకుమ అందులో సుఖంగా ఇముడుతాయి. కానీ అదే కార్యక్రమాన్ని మామూలు టీవీకి కూడా ఇవ్వాలంటే రెక్ 709కి మార్చిన కాపీని విడిగా చూసి, ఎరుపు, నారింజ షాట్లని చేతితో మళ్లీ దిద్దాలి. ఆటోమేటిక్ మార్పిడి మొదట తప్పేది ఆ రంగుల దగ్గరే.